మా సాంగొతో సినిమా తగువులు

పర్లాకిమిడిలో పెరిగినవాళ్ళకి రెండు భాషలు రావడం పెద్ద విషయం కాదు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, బజార్లో ఎవరు ఎదురైతే వాళ్ళది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది. సైకిలెక్కితే చెమట పట్టకముందే చేరిపోయే పాతపట్నం అటు మద్రాసు వైపు ఉండిపోయింది. మా మేనత్తలిద్దరి అత్తవారిళ్ళూ అటే. సరిహద్దు అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. "అవతలికెళ్ళొస్తాను" అనేవారు, పక్క వీధికి వెళ్ళొస్తున్నట్టు.

అలాంటి ఊళ్ళో నాకు దొరికిన స్నేహితుడు మాత్రం ఇటువాడూ కాదు, అటువాడూ కాదు. కటక్ వాడు. 1986లో వాళ్ళ నాన్నగారికి మా ఊరు ట్రాన్స్‌ఫరైంది. కాలేజీలో నా బెంచీలోనే కూర్చున్నాడు. మొదటి రోజే నన్ను "సాంగొ" అని పిలిచాడు. ఒడియాలో స్నేహితుడని అర్థం. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. దాదాపు నలభై ఏళ్ళవుతోంది, ఇప్పటికీ ఒకరినొకరం పేరు పెట్టి పిలుచుకోం. అందుకే ఇక్కడ కూడా వాడి పేరు రాయబుద్ధి కాలేదు.

వాళ్ళది చదువుకున్న ఇల్లు. ముందుగదిలో గోడ పొడుగునా పుస్తకాలు. అక్క కటక్‌లో ఒడిస్సీ నాట్యం నేర్చుకునేది. మాది రైస్ మిల్లు గుమస్తా ఇల్లు, పదకొండు మందికి ఒకటే పొయ్యి. పుస్తకమంటే పంచాంగం, మిల్లు యజమాని ఇంట్లో చదివేసి ఇచ్చిన పాత వారపత్రికలు, అంతే. కానీ సినిమా మా ఇంట్లో అందరికీ ప్రాణం. పెద్దనాన్న ఏ సినిమా ఏ ఏడాది వచ్చిందో టక్కున చెప్పేవాడు. అమ్మ పప్పు రుబ్బుతూ పాత పాటలు ఒకదాని వెనక ఒకటి పాడుకునేది. రుబ్బడం అయ్యేదాకా పాట ఆగేది కాదు. మా వరకు సినిమా బాగుంటుంది, లేకపోతే బాగుండదు. సాంగొ హాల్లోంచి బయటికి రాగానే "ఇంతకీ వాళ్ళు చెప్పదలుచుకున్నదేంటి?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న నేను అంతకుముందు ఎవరి దగ్గరా వినలేదు.

మా తగువులన్నీ రైల్వే స్టేషన్లో. నౌపడా నుంచి గుణుపురం పోయే చిన్నబండి లైను అది. నౌపడా నుంచి మా ఊరిదాకా రాజావారి హయాంలో 1900లో వేసింది. సన్న పట్టాలు, బొమ్మల్లాంటి పెట్టెలు. ప్లాట్‌ఫారం చివర రావిచెట్టు కింద సిమెంటు బెంచీ మాది. ముఢి పొట్లం కొనుక్కునేవాళ్ళం. మేం బొరుగులంటాం, వాళ్ళు ముఢి అంటారు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కాస్త ఆవనూనె వేసి కలిపి ఇచ్చేవాడు. ఆ ఆవనూనె ఘాటు నాకు మొదట్లో అసలు పడేది కాదు. వాడికి మా ఇంట్లో తరవాణి అలవాటైనట్టే నాకూ మెల్లగా అలవాటైంది. నిజానికి తరవాణి వాడికి అలవాటు చెయ్యక్కర్లేదు, నీళ్ళలో నానేసి తినే వాళ్ళ పఖాళం అన్నానికి అది తోబుట్టువే. మొదటిసారి మా అమ్మ పెట్టినప్పుడు "మావుసీ, ఇది మాది" అన్నాడు. "మాది కూడాను బాబూ" అంది అమ్మ.

పాటల దగ్గర మొదలైంది తగువు. పాట వస్తే కథ ఆగిపోతుందంటాడు వాడు. కథ ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో అక్కడే పాట వస్తుందంటాను నేను. నా చేతిలో బలమైన ముక్క 'శంకరాభరణం'. ఆ సినిమాలోంచి పాటలు తీసేస్తే ఏం మిగులుతుందో చెప్పమన్నాను. వాడు ఆ సినిమా కటక్‌లోనే చూశాడట, అక్క తీసుకెళ్ళింది. ఒక్క ముక్క తెలుగు రాదు. "శొంకొరాభొరొణొం" అని వాడు పలికేవాడు, ప్రతి అక్షరాన్నీ గుండ్రంగా చుట్టి. శంకరశాస్త్రి వేషం వేసిన సోమయాజులుగారు మా శ్రీకాకుళం వైపు మనిషే అని నేను చెప్పినప్పుడు, ఆ ఊరు ఎంత దూరమో, బస్సు ఉందో లేదో అడిగాడు. నిజంగానే వెళ్ళి చూసొద్దామన్నాడు. వెళ్ళలేదనుకోండి. ఆ ఒక్క సినిమాకి మాత్రం పాటలు ఉండాల్సిందే అని ఒప్పుకున్నాడు. "మిగతావాటికి కాదు" అని వెంటనే చేర్చాడు.

1987 వేసవిలో ఒక సాయంత్రం నోరు జారాను. ఏదో తెలుగు సినిమాని వాడు ఏకిపారేస్తున్నాడు. నాకు రోషం వచ్చింది. పెద్దనాన్న దగ్గర నేర్చుకున్న ఏడాదుల లెక్క ఉంది కదా, అది తీశాను. "మా మొదటి టాకీ 1932లో వచ్చింది. మీ 'సీతా బిబాహ' 1936లో. సరే, అదీ ఫర్వాలేదు. మీ రెండో సినిమా 'లలితా' ఎప్పుడొచ్చింది? 1949లో! పదమూడేళ్ళు! ముందు సినిమాలు తీయండి, తర్వాత మా వాటికి వంకలు పెట్టండి" అన్నాను.

వాడు జవాబు చెప్పలేదు. చేతిలో ఉన్న ముఢి పొట్లం మడిచి బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. కొత్తగా పుట్టిన రాష్ట్రం, చేతిలో డబ్బు లేదు, స్టూడియోలు లేవు, సినిమా తీయాలంటే కలకత్తా పోవాలి. ఇవన్నీ వాడే నాకు అంతకుముందు ఎంతో ఇష్టంగా చెప్పాడు. చెప్పినదాన్నే తీసి వాడి మీద విసిరాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వారం రోజులు కాలేజీలో వేరే బెంచీలో కూర్చున్నాడు. ఎనిమిదో రోజు సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఏదో పత్రికలోంచి కత్తిరించిన కాగితం. పలకరింపు కూడా లేకుండా, "మృణాల్ సేన్ పేరు విన్నావా?" అన్నాడు. బెంగాలీ ఆయన. 1966లో కాళిందీ చరణ్ పాణిగ్రాహి నవలతో 'మాటిర మణిష' అని ఒడియాలో సినిమా తీశాడు. అదే మనిషి 1977లో ప్రేమ్‌చంద్ కథతో తెలుగులో 'ఒక ఊరి కథ' తీశాడు. ఆయన సొంత భాష ఈ రెండూ కాదు. "నీ భాషలోకీ వచ్చాడు, నా భాషలోకీ వచ్చాడు" అన్నాడు సాంగొ. ఈ సంగతి వాడికి మూడు రోజుల ముందే తెలిసిందట. కోపం వల్ల చెప్పలేక, చెప్పకుండా ఉండలేక మూడు రోజులు అవస్థ పడ్డాడట. నేను క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మరి 'ఒక ఊరి కథ' నువ్వు చూశావా?" అన్నాడు. చూడలేదు. తెలుగువాణ్ణి, సినిమా పిచ్చివాణ్ణి, నా భాషలో అలాంటి సినిమా ఉందనే తెలియదు. పెద్దనాన్న జాబితాలో కూడా అది లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఇద్దరం కలిసే చూశాం. ఎంత కష్టపడ్డా లాభం ఆసామికే పోతుందని పని మానేసి కూర్చునే ఆ వెంకయ్యని చూస్తుంటే, మా మిల్లులో బస్తాలు మోసి సాయంత్రానికి నడుం పట్టేసి గోడకి జేరబడే కూలీలే కళ్ళ ముందు మెదిలారు.

ఆ ఏడాదే మా అమ్మ 'మాయా మృగ' చూసింది. ఇది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో వేరే వేరే భాషల అవార్డు సినిమాలు వేసేవారు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. సాంగొ వాళ్ళ క్వార్టర్స్ మీద కొబ్బరిచెట్టుతో పోటీపడేంత ఎత్తున యాంటెన్నా ఉండేది. 'మాయా మృగ' వేస్తున్నారని వాడు వారం ముందునుంచీ హడావుడి చేశాడు. నీరద్ మహాపాత్ర తీసిన సినిమా. 1984లో ఫ్రాన్సులో కాన్ చిత్రోత్సవంలో విమర్శకుల విభాగంలో చూపించారు. జాతీయ అవార్డుల్లో రెండో ఉత్తమ చిత్రమైంది. వేషాలు వేసినవాళ్ళలో చాలామంది కొత్తవాళ్ళే. పూరీలో ఒక పాత ఇల్లు, రిటైరైపోతున్న హెడ్మాస్టరు, ఆయన ముసలి తల్లి, ఎదిగిన పిల్లలు. ఒక కొడుకు ఐ.ఏ.ఎస్. అయి డబ్బున్న ఇంటికి అల్లుడవుతాడు. పెద్దకోడలు ఇంటి చాకిరీ మోస్తూ ఉంటుంది. చూస్తుండగానే ఇల్లు విడిపోతుంది. కథంటే ఇంతే.

అమ్మ ఆ రోజు వాళ్ళింటికి సినిమా కోసం రాలేదు. కొత్తావకాయ సీసా ఇవ్వడానికి వచ్చింది. వాళ్ళమ్మగారు కూర్చోమంటే గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. కారం కలిపిన చేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, మంట తెలియకుండా చల్లని గచ్చుకి ఆనించి పెట్టుకుంది. అరగంటకల్లా నాకు విసుగొచ్చింది. పాట లేదు, తగువు లేదు, ఎవరూ గొంతు పెంచి మాట్లాడరు. "ఏమీ జరగట్లేదు కదరా" అన్నాను సాంగొతో.

టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే అమ్మ అంది: "ఏటిరా జరగట్లేదంటావు? ఆ పెద్దకోడలు పొద్దున్నుంచి వంటింట్లోంచి బయటికొచ్చిందా? ఆ పిల్ల ఎప్పుడు తిందో నువ్వు చూసావా?"

మా ఇంట్లో అమ్మే పెద్దకోడలు. పదకొండు మంది తిన్నాక తినే మనిషి. నేను పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను.

సాంగొ ఆ మాటని వాళ్ళమ్మకి ఒడియాలో మెల్లగా చెప్పాడు. గెలిచానని నా వైపు చూడను కూడా చూడలేదు. వాళ్ళమ్మగారు లేచి లోపలికి వెళ్ళారు. టీ తెచ్చి మొదటి కప్పు మా అమ్మకి ఇచ్చారు, ఆ తర్వాతే వాళ్ళాయనకి. అమ్మ ఎర్రటి చేతులతో కప్పు పట్టుకోలేక కొంగుతో పట్టుకుంది. ఇంటికి వచ్చేదారిలో నేనే కదిపాను, ఎలా ఉందని. "ఆ సినిమా తీసినాయన ఎవరో గానీ, వంటింటి గుమ్మంలో కూకొని చూసినోడేరా" అంది. సినిమాల గురించి ఎంతోమంది రాసినవి ఆ తర్వాత చదివాను. నాకు మాత్రం ఆ సినిమా మీద అంతకన్నా మంచి విమర్శ ఎక్కడా కనపడలేదు.

అమ్మ మాట గురించే ఇంకో తగువు జరిగింది. పాతపట్నంలో ఫస్ట్ షో చూసి సైకిళ్ళ మీద వస్తున్నాం. నా సైకిలు చైను ఊడింది. నేను వంగి ఎక్కిస్తుంటే, సాంగొ టార్చి పట్టుకుని నిలబడి అడిగాడు: "సాంగొ, మీ అమ్మలాగా మాట్లాడే మనిషి మీ సినిమాల్లో ఎప్పుడొస్తుంది?"

"ఇవాళ వచ్చింది కదరా" అన్నాను.

"వచ్చింది. గిన్నెలు తోమడానికి వచ్చింది. ఆవిడ 'ఏటి' అనగానే హాలంతా నవ్వింది. నువ్వు కూడా నవ్వావు."

చైను గ్రీజు చేతులకంటుకుని అలాగే ఉండిపోయాను. వాడు చెప్పింది నిజం. హీరో మాట్లాడడు మా మాట, హీరోయిన్ మాట్లాడదు, కలెక్టరు, డాక్టరు ఎవరూ మాట్లాడరు. 'ఎల్తన్నావా', 'గుంట', 'సెప్తాను' అనేవి తెర మీదికొస్తే నవ్వించడానికే వస్తాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పిన ఊరు మాది. సవరల భాష నేర్చుకుని నిఘంటువు రాసిందీ, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాటం మొదలుపెట్టిందీ ఇక్కడే. పుస్తకాల్లోకి వాడుక భాష వచ్చింది. తెర మీదికి మా అమ్మ మాట మాత్రం గౌరవంగా రాలేదు. ఇది చెప్పుకోవడానికి నాకు ఒక కటక్ వాడు కావలసి వచ్చింది.

ఉక్రోషం కొద్దీ నేనూ అడిగాను. "మరి మీ సినిమాల్లో మా గంజాం ఒడియా?" అని. వాడు చాలాసేపు ఆలోచించాడు. "అదీ అంతే. మాదంతా కటక్, పూరీ మాటే. గంజాం యాస వచ్చిందంటే జనం నవ్వుతారు" అన్నాడు. ఆ తర్వాత మిగిలిన దారంతా సైకిళ్ళు నడిపించుకుంటూనే వచ్చాం, చైను బాగైపోయినా సరే. మర్నాటి నుంచి వాడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా జేబులో చిన్న నోటుబుక్కు ఉండేది. అమ్మ అనే మాటలు ఒడియా లిపిలో రాసుకునేవాడు.

'స్వర్ణకమలం' 1988లో వచ్చింది. అప్పటికి సాంగొకి తెలుగు బాగానే అర్థమవుతోంది. తన విద్యంటే చిన్నచూపు ఉన్న ఒక కూచిపూడి అమ్మాయి, ఆ విద్య విలువ ఆమెకి తెలియజెప్పాలని తాపత్రయపడే బొమ్మలు వేసుకునే కుర్రాడు. సినిమా నడుస్తుండగా ఉన్నట్టుండి సాంగొ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ధౌళి! సాంగొ, ధౌళి!" అన్నాడు. తెల్లటి శాంతి స్తూపం. భువనేశ్వర్ దగ్గర, అశోకుడి శాసనాలున్న కొండ. తెలుగు సినిమాలో వాళ్ళ ఊరు వైపు కొండ చూసి వాడి గొంతు వణికింది. ముందు బెంచీవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అంతలో షారన్ లోవెన్ వచ్చింది. అమెరికా ఆవిడ, కేలూచరణ్ మహాపాత్ర దగ్గర ఒడిస్సీ నేర్చుకున్న మనిషి, తన పేరుతోనే ఆ సినిమాలో కనిపిస్తుంది. ఇక వాణ్ణి పట్టలేం.

ఆ రాత్రి బెంచీ మీద ఎంతసేపు వాదించుకున్నామో తెలియదు. "మీ కూచిపూడి అమ్మాయికి కళ్ళు తెరిపించడానికి మా ఒడిస్సీ కావలసి వచ్చింది" అంటాడు వాడు. "మీ ఒడిస్సీని మా ఊరి రిక్షావాడి దాకా తీసుకొచ్చింది తెలుగు సినిమా, విశ్వనాథ్ గారు" అంటాను నేను. "బిశ్వనాథ్" అంటాడు వాడు, ఒప్పుకుంటున్నాడో దిద్దుతున్నాడో తెలియకుండా. అప్పుడు నేను అడిగాను: పాటలు తీసేస్తే ఈ సినిమా నిలబడుతుందా అని. వాడు ఆలోచించి చెప్తానన్నాడు.

చెప్పలేదు. 1989లో వాళ్ళ నాన్నగారికి మళ్ళీ ట్రాన్స్‌ఫరైంది. సామాను లారీలో ముందు పోయింది. వాళ్ళు చిన్నబండిలో నౌపడా వెళ్ళి అక్కడ పెద్దరైలు ఎక్కాలి. ఆ బండి నడక మీకు తెలిస్తే అర్థమవుతుంది, కదిలిన తర్వాత కూడా పక్కనే నడుస్తూ మాట్లాడొచ్చు. ప్లాట్‌ఫారం అయిపోయి, గేటు దాటి, చెరకుతోట దాకా నేను పక్కనే నడుస్తూ వెళ్ళాను. ఇద్దరం ఏవో సినిమా కబుర్లే చెప్పుకున్నాం. వేరేవి చెప్పుకుంటే ఏడుపొచ్చేదేమో. అమ్మ కట్టిచ్చిన అరిసెల డబ్బా వాడి ఒళ్ళో ఉంది.

ఆ బండి 2004లో ఆగిపోయింది. 2011లో పెద్ద లైను వచ్చింది. రావిచెట్టు పోయింది, బెంచీ పోయింది. మా ఊరి టాకీసు మూతపడి చాలా ఏళ్ళయింది. అమ్మ కూడా లేదు.

2024లో ఒకరోజు పొద్దున్నే ఫోన్. 'మాయా మృగ' నెగెటివ్ చెన్నైలో ఏదో పాత గోడౌన్‌లో పాడైపోయిన స్థితిలో దొరికిందట, ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు దాన్ని బాగుచేశారట, ఇటలీలో బొలోన్యా ఊళ్ళో చూపించారట. ఒకే ఊపులో చెప్పేశాడు. 2015లో పోయిన నీరద్ బాబు తీసిన కథాచిత్రం అదొక్కటే. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత వాడే అన్నాడు, "బొలోన్యాలో ఎవరైనా అడిగుంటారా, పెద్దకోడలు ఎప్పుడు తిందని?"

మొన్న చలికాలంలో రిటైరై తీరిక దొరికి మా ఊరొచ్చాడు. నాలుగు రోజులున్నాడు. జేబులోంచి పాత నోటుబుక్కు తీసి, అమ్మ మాటలు మా మనవరాలికి చదివి వినిపించాడు. 'కూకొని' దగ్గర అచ్చం అమ్మలాగే అన్నాడు. మా మనవరాలు నవ్వలేదు. అర్థమడిగింది.

తిరుగు ప్రయాణం పూరీ బండికి. పొద్దుటి నుంచీ ఇద్దరం అదీ ఇదీ వాదించుకుంటూనే ఉన్నాం. బండి ఆగిన రెండు నిమిషాల్లోనే కదిలింది. కిటికీలోంచి "సాంగొ, ఆ 'స్వర్ణకమలం' సంగతి" అని ఏదో మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేశాను. ఇప్పటి బండి పక్కన నడవలేం, ముప్ఫై ఏళ్ళ క్రితమైనా నడవలేకపోయేవాణ్ణి. వాడి మాట చక్రాల చప్పుడులో కలిసిపోయింది.

స్టేషన్ బయట స్కూటర్ తీస్తుంటే ఫోన్ మోగింది.

"పాతపట్నం దాటాం. ఇందాక నేను చెప్పేది పూర్తికాలేదు. పాటలు తీసేస్తే ఆ సినిమా నిలబడదు, అది ఒప్పుకుంటున్నాను. కానీ విను, ఒక్క పాట మాత్రం..."

అక్కడ సిగ్నల్ పోయింది. స్కూటర్ స్టాండేసి అక్కడే నిలబడ్డాను, మళ్ళీ చేస్తాడని.